ఆష్టి దాటిన బండి

వచ్చే సోమవారం గడ్చిరోలి కోర్టులో ఆఖరి సంతకాలని నా బిడ్డ గౌతమి మంగళవారం ఫోన్ చేసి చెప్పింది. ఉప్పు ప్యాకెట్టు ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆయన కూడా ఒప్పుకుండు. లొల్లి ఏం లేదు. నువ్వు పరేషాన్ కాకు, రావద్దు కూడా" అని పెట్టేసింది.

ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని కొట్టు గడప మీద కూర్చుండిపోయాను. సిరొంచలో మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. మా ఆయన దత్తయ్య తక్కెడలో శనగపప్పు జోకుతూ నా మొహం చూశాడు. గిరాకీ వెళ్ళేదాకా ఆగాడు.

"సోడ్‌చిఠ్ఠేనా?" అన్నాడు. మావైపు విడాకులకు అందరూ వాడే మరాఠీ మాట అది.

"సోమవారమట."

"ఇప్పుడన్నా నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

ఏం చెప్పాలో ఇద్దరికీ తెలుసు. బిడ్డ కాపురం విరగడానికి కారణం అల్లుడు కాదు, నేను. ఆ సంగతి బిడ్డకు తెలియదు. రెండేళ్ళుగా నేను చెప్పలేదు. చెబితే వాళ్ళిద్దరూ మళ్ళీ కలుస్తారేమోనని ఆశ. చెబితే నా బిడ్డ నన్ను ఇక అమ్మా అనదేమోనని భయం. ఈ రెండింటి మధ్యా నా రెండేళ్ళు గడిచిపోయాయి.

నాకు మొదటి నుంచీ భయం ఎక్కువే. గౌతమికి చిన్నప్పుడు ఒళ్ళు వెచ్చబడితే మెదడుకు ఎక్కిందనుకునేదాన్ని. బడి నుంచి రావడం పావుగంట ఆలస్యమైతే చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తేదాన్ని. "మీ అమ్మకు విమానం చప్పుడు వినపడితే అది మన రేకుల మీదనే పడ్తదని భయం" అని మా ఆయన బిడ్డతో చెప్పి నవ్వేవాడు. వాళ్ళు నవ్వుతుంటే నేను మనసులో, నవ్వండి, మీకేం తెలుసు అనుకునేదాన్ని.

అల్లుడు వాసుదేవ్ పరాయివాడు కాదు, మా అన్న కొడుకే. ఇల్లు నాగేపల్లిలో. అక్కడికి దగ్గర్లోనే ఆలపల్లిలో కరెంటు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం నడుపుతాడు. నెమ్మదైన పిల్లవాడు. పెళ్ళయిన నాలుగు నెలలకు గౌతమికి చామోర్షిలో సర్కారు ఆఫీసులో క్లర్కు కొలువు వచ్చింది. అందరం పేడాలు పంచుకున్నాం. ఆ రోజే నాకు గుండెలో రాయి పడింది. ఆలపల్లి నుంచి ఆష్టి నలభై కిలోమీటర్లు, ఆష్టి నుంచి చామోర్షి ముప్పై. ఆ రోడ్డు నిండా కొండ మీది ఇనుప రాయి మోసుకొచ్చే లారీలు. రాత్రీ లేదు, పగలూ లేదు.

కొత్త జంట ఎక్కడ కాపురం పెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చ అయింది. దుకాణం కదలదు, ఆఫీసు కదలదు. నాగేపల్లిలో ఉంటే గౌతమి రోజూ డెబ్బై కిలోమీటర్లు పోయి రావాలి. చామోర్షిలో ఉంటే ఆ తిరుగుడు వాసుదేవ్‌కు. చివరికి వాళ్ళిద్దరే ఒక లెక్క వేసుకున్నారు. వాసుదేవ్ వారం రోజులు బండి మీద ఆ దారంతా తిరిగి, ఏ గంటలో ఎన్ని లారీలు వస్తాయో, ఎక్కడ నిలిచిపోతాయో ఒక కాగితం మీద రాసుకొచ్చాడు.

"చూడు అత్తా, పొద్దున ఏడింటి లోపట బయటపడితే తొవ్వ ఖాళీ ఉంటది. ఎనిమిది దాటితేనే గుంపులు గుంపులు వస్తయ్. ఆష్టిల రూము తీసుకుంటం. ఇది ఇటు బస్సుల పోతది, నేను అటు బండి మీద పోత. ఎవ్వరికీ గంట కంటే ఎక్కువ పట్టది."

"సగం సగం అమ్మా" అంది గౌతమి. "రాత్రి బువ్వ ఇద్దరం కలిసి తింటం."

నేను ఆ కాగితం చూడలేదు. రూము చూస్తానన్నాను.

పిండి గిర్ని వెనక రెండు గదులు. గౌతమి అప్పటికే కిటికీకి పరదా ఎంత గుడ్డ కావాలో జానలతో కొలుస్తోంది. నేను బయటికి వచ్చి రోడ్డు దగ్గర నిలబడ్డాను. లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభైకి ఆపేశాను. ఒక్కొక్క చక్రం నా నడుము దాకా ఉంది. చెట్ల ఆకుల మీద, గుడిసెల మీద, తాగే నీళ్ళ డ్రమ్ము మూత మీద ఎర్రటి దుమ్ము. రోడ్డు అంచున ఒక ఆడమనిషి చెప్పు పడి ఉంది. ఎవరిదో, ఎప్పటిదో. ఎవరైనా తెగిపోయిందని పారేసి ఉండొచ్చు. నా కళ్ళకు మాత్రం ఆ చెప్పులో నా బిడ్డ కాలే కనిపించింది.

"ఈ రూము వద్దు" అన్నాను.

వాళ్ళు వినలేదు. అడ్వాన్సు ఇచ్చేశారు. నేను అన్నం మానేశాను, ఏడ్చాను, మా వదినతో చెప్పించాను. ఏదీ పని చేయలేదు. ఆ ఎండాకాలమే ప్రాణహితకు పుష్కరాలు వచ్చాయి. స్నానాలకని ఇద్దరూ సిరొంచ వచ్చారు. మోకాలి లోతు నీళ్ళలో, చుట్టూ అంత జనంలో, వాసుదేవ్ చెయ్యి పట్టుకుని గౌతమి తడితల మీద పెట్టించాను.

"ఆ లారీల తొవ్వ మీద బండి ఎక్కనని, దాన్ని ఎక్కనియ్యనని ఒట్టు పెట్టు."

"పుష్కరంల పాపాలు వదులుతరు గాని అత్తా, బండ్లు వదులుతరా ఎవరన్నా?" అని నవ్వాడు వాడు.

"అమ్మా, మంది చూస్తున్నరే" అంది గౌతమి.

నేను చెయ్యి వదలలేదు. ఏడుస్తూ అట్లాగే నిలబడ్డాను. పక్కన మునుగుతున్నవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. చివరికి వాడి మొహంలో నవ్వు పోయింది. "సరే అత్తా. ఒట్టు" అన్నాడు. పుష్కర నీళ్ళలో పెట్టిన ఒట్టు తప్పితే, ఎవరి తల మీద పెట్టామో ఆ తలకే తగులుతుందని మా అమ్మ చెప్పేది. వాసుదేవ్ కూడా ఆమె ఒళ్ళో పెరిగినవాడే.

బండి లేకపోతే ఆష్టి రూము కుదరదు. దుకాణం తెరిచే వేళకు ఆష్టి నుంచి బస్సు లేదు. అడ్వాన్సు వదులుకున్నారు. చామోర్షిలో గౌతమి ఒక్కదానికి నేనే గది వెతికాను. గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా నడిచి చూసుకున్నాను. నాలుగు నిమిషాలు. పెద్ద రోడ్డు దాటే పనే లేదు. ఆ నాలుగు నిమిషాల సంగతి సిరొంచలో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాను.

శుక్రవారం సాయంత్రం గౌతమి బస్సెక్కి నాగేపల్లి వెళ్ళేది. జామ్‌లో చిక్కుకుని ఎప్పుడో పొద్దుపోయాక చేరేది. శని, ఆదివారాలే వాసుదేవ్‌కు గిరాకీ. ఈమె వంట చేసి దుకాణానికి డబ్బా పంపేది. ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ బస్సు. వారం వారం వెళ్ళేది కాస్తా నెలకు రెండుసార్లు అయింది.

"భార్యాభర్తలు కాదమ్మా మేము, చుట్టాలం" అంది ఒకసారి నవ్వుతూ.

"పానం బాగుంటే అన్నీ బాగుంటయ్ బిడ్డా" అన్నాను నేను.

మరుసటి ఏడు వానాకాలంలో గౌతమికి మూడో నెల. ఒక సాయంత్రం ఐదున్నరకు ఆఫీసులో కడుపులో నొప్పి మొదలైంది, రక్తం కనిపించింది. తోటి ఉద్యోగి ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

"భయమైతుందమ్మా. ఆయనకు చెప్పిన. బస్సులు లేవట, బండి మీద వస్తున్నడు."

బిడ్డకు రక్తం పోతోందన్న మాట కంటే, వాడు బండి మీద వస్తున్నాడన్న మాట నా బుర్రలో ఎక్కువసేపు తిరిగింది. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వాడు ఒట్టు తప్పాడు, అందుకే దానికి ఇట్లా అవుతోంది అనుకున్నాను. రక్తం పోవడం ముందు, వాడు బండి తీయడం తర్వాత అన్న లెక్క నాకు తోచనే లేదు. వాసుదేవ్‌కు ఫోన్ మీద ఫోన్ చేశాను. ఎప్పటికో తొమ్మిదోసారికి ఎత్తాడు. వెనక వాన చప్పుడు.

"దాని తల మీద చెయ్యి పెట్టినవ్ వాసుదేవ్. పుష్కరంల పెట్టినవ్. నువ్వు ఒక్క అడుగు ముందట వేసినా అది దానికే తగుల్తది. బిడ్డ పోతె పోనీ, నా బిడ్డను బతకనియ్యి. మర్లిపో."



"అత్తా, అది ఒక్కతే ఉన్నది."

"మర్లిపో. నీ కాళ్ళు మొక్కుత."

"సరే" అన్నాడు.

పక్కనే మా ఆయన ఉన్నాడు. తల పట్టుకుని, "ఏం మాట చెప్పినవే" అన్నాడు. అంతే.

వాసుదేవ్ మర్నాడు పొద్దున పది గంటలకు బస్సులో చామోర్షి చేరాడు. మేము సిరొంచ నుంచి సాయంత్రానికి చేరాం. అప్పటికి కడుపు పోయింది. ఎవరు వచ్చినా ఆ గర్భం నిలిచేది కాదని డాక్టరమ్మ చెప్పింది. కానీ రాత్రంతా నా బిడ్డ ముక్కూమొహం తెలియని ఆయా చెయ్యి పట్టుకుని పడుకుంది.

మేము గదిలో అడుగు పెట్టేసరికి, పొద్దుటి నుంచీ అడుగుతున్నదే వాడిని మళ్ళీ అడుగుతోంది.

"వస్తున్న అన్నవ్ కదా. ఏమైంది?"

వాడు నా వైపు చూడలేదు. "వానల లారీలు చూసి భయమైంది. మర్లిపోయిన" అన్నాడు.

అప్పుడు నోరు తెరవాల్సింది. అక్కడే, ఆ మంచం పక్కన. గౌతమి మొహం చూస్తే, ఈ పరిస్థితిలో చెబితే ఇంకేమవుతుందోనని మళ్ళీ భయపడ్డాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రెండేళ్ళు రాలేదు. గౌతమి మళ్ళీ నాగేపల్లి గడప తొక్కలేదు.

గురువారం తెల్లవారి మొదటి బస్సు ఎక్కాను. ఆలపల్లిలో దిగి ముందు వాసుదేవ్ దుకాణానికి వెళ్ళాను. వాడు నేల మీద కూర్చుని మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. గడ్డం మాసి ఉంది. నన్ను చూసి లేచి స్టూలు తుడిచాడు.

"చాయ్ తాగుతవా అత్తా?"

"చామోర్షి పోతున్న. అంతా చెప్పేస్త దానికి."

"వద్దు" అన్నాడు. మళ్ళీ కూర్చుని తీగ అందుకున్నాడు. "ఇప్పుడెందుకు?"

"నీ మీద కోపం పోతది కద రా."

"నా మీద కోపం దానికి అలవాటైంది. నీ మీద గిట్ల వచ్చిందనుకో, ఇగ ఎవరింటికి పోతది? పండుగకో పబ్బానికో ఒక్క ఇల్లన్నా ఉండాలె కద."

వాడు అందుకే నోరు మూసుకున్నాడని ఆ రోజే తెలిసింది. నన్ను కాపాడటానికి కాదు. దానికి తల్లి మిగలాలని.

"ఆ రోజు నువ్వు ఆలపల్లి చౌకు కూడా దాటలేదు కదా, నేను ఫోన్ చేసినప్పుడు?" అన్నాను. అట్లా అనుకునే రెండేళ్ళు ఎట్లాగో నిద్రపోయాను.

వాడి చెయ్యి ఆగింది.

"ఆష్టి దాటిన అత్తా."

"ఏంది?"

"ఆష్టి దాటి ఐదారు కిలోమీటర్లు పోయిన. లారీల జామ్ అంతా వెనకనే ఉండిపోయింది. ముందట తొవ్వ ఖాళీ. ఇంకో అర్ధగంటల దాని దగ్గర ఉందును." తీగ చివర వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "నీ ఫోన్ పెట్టేసినాక ఒక రేకుల షెడ్డు కింద గంటసేపు నిలబడ్డ, బస్సన్న వస్తదేమోనని. రాలే. నడిచిపోదామా అనుకున్న. తర్వాత తల పనిచెయ్యలే. మర్లిన."

"అదే జామ్‌ల నుంచి? ఆ వానల, చీకట్ల?"

"బండే కద. లారీల సందులకెళ్ళి వచ్చిన."

అంటే ప్రమాదమంతా దాటిపోయినవాణ్ణి నేను మళ్ళీ ఆ లారీల మధ్యకే పంపాను. నా బిడ్డ నుంచి అర్ధగంట దూరంలో ఉన్నవాణ్ణి. వాడు చాయ్ చెప్పాడు. నేను తాగలేకపోయాను. లేస్తుంటే మళ్ళీ అన్నాడు, "చెప్పకు అత్తా. నా మాట విను."

బస్సు ఆష్టి దాటాక కిటికీలోంచి రేకుల షెడ్ల కోసం చూశాను. మూడు కనిపించాయి. ఏదో తెలియదు.

చామోర్షిలో గౌతమి గది గుమ్మం ముందు సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆఫీసు వదలగానే వచ్చింది. చిక్కిపోయింది. "రావద్దన్న కదా" అంటూ తాళం తీసింది. సంచిలోంచి నేను తెచ్చిన సకినాల డబ్బా తీసి తనే పక్కన పెట్టింది. స్టవ్వు మీద చాయ్‌కి నీళ్ళు పెట్టింది.

"బాపు బాగున్నడా?"

"స్టవ్వు బంద్ చెయ్యి బిడ్డా. ఇటు కూసో."

నిలబడే ఉంది. నేను చెప్పాను. ఎట్లా మొదలుపెట్టానో గుర్తు లేదు. ఫోన్ సంగతి, ఒట్టు గుర్తు చేసిన సంగతి, మర్లిపొమ్మన్న సంగతి, వాడు నా పేరు చెప్పకుండా భయమని అబద్ధమాడిన సంగతి. బిడ్డ పోతె పోనీ అన్న మాట కూడా దాచలేదు. నీళ్ళు మరిగి మరిగి గిన్నె అడుగుకు వచ్చాయి. అప్పుడు స్టవ్వు ఆపింది.

"ఏడిదాంక వచ్చిండు?" అంది.

ఆ ఒక్కటీ అడగకూడదని బస్సులో దేవుడికి మొక్కుకున్నాను.

"ఆష్టి దాటిండట. నా ఫోన్ పెట్టేసినాక ఒక రేకుల షెడ్డు కింద గంటసేపు నిలబడ్డడట."

"ఆష్టి దాటిండా" అంది మెల్లగా. గోడకు వీపు ఆనించి కిందికి జారి కూర్చుంది. "ఆ రాత్రి కిటికీ కింద ఏ బండి ఆగినా ఆయనే అనుకున్న. ఆయా కూడా పోయి చూసొచ్చింది రెండుసార్లు."

"వాని తప్పు లేదు బిడ్డా. అంతా నాదే. సోమవారం పోకు. వాడు ఇంకా నీ కోసమే ఉన్నడు. నేను ఇగ మీ జోలికి రాను. మీరు ఏడ ఉంటరో ఉండుండ్రి, ఎట్ల తిరుగుతరో తిరుగుండ్రి."

"తల నాది కదమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఒట్టు పెట్టింది నా తల మీద. తగిలితే తగిలేది నాకు. నన్ను ఒక్క మాట అడిగితే అయిపోతుండె కదా. నాకేమైనా ఫర్వా లేదు, వచ్చెయ్యమందును. నువ్వడగలే. ఆయనడగలే. ఫోన్‌ల మీరిద్దరే మాట్లాడుకున్నరు."

"భయంల చేసిన బిడ్డా."

"నువ్వు భయంల చేసినవ్. ఆయన నీ మీద గౌరవంతోని చేసిండు. రెండేళ్ళు నేను ఏడుస్తుంటే చూసి, నీ పేరు చెడగొట్టొద్దని ఊకున్నడు." కళ్ళలో నీళ్ళు లేవు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. "ఆయన పిరికోడని కోపం పెట్టుకున్న. పిరికోడు కాడని తెలిసింది, మంచిదే. కానీ ఇప్పుడు పోయి ఏం మాట్లాడుదు అమ్మా? ఆయన నా దాంక వచ్చి, నీ మాట విని మర్లిండు. రేపు ఇంకోటి అయితే మళ్ళ నీ మాటనే వింటడు."

"వినడు. నేను చెప్పను."

"చెప్తవ్" అంది. తిట్టినట్టు కాదు, తెలిసిన సంగతి చెప్పినట్టు అంది.

నేను దాని కాళ్ళ దగ్గరికి జరిగాను. వెనక్కి తీసుకుంది. ఫోన్ అందుకుంది. వాసుదేవ్‌కు చేస్తుందని నా ప్రాణం లేచి వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుంది. అటునుంచి వాడు "హలో" అనడం నాకూ వినిపించింది.

"అమ్మ వచ్చింది. చెప్పింది" అంది.

వాడు ఏదో అన్నాడు. వింది.

"సోమవారం బండి మీద రా, బస్సు మీద రా, నీ ఇష్టం. పదకొండింటికి అక్కడుండాలె." ఆగింది. "షెడ్డు కింద గంట నిలబడ్డవట. ఆ గంటల ఒక్కసారన్న నాకు ఫోన్ చెయ్యకపోతివి."

వాడి జవాబు కోసం ఆగలేదు. ఫోన్ బోర్లా పెట్టింది. లేచి గిన్నె కడిగి మళ్ళీ నీళ్ళు పోసి స్టవ్వు వెలిగించింది. ఒక గ్లాసు చాయ్ తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది, చేతికి ఇవ్వలేదు. తనకు పోసుకోలేదు.

"గౌతమీ" అన్నాను.

"పొద్దున ఆరింటికి సిరొంచ బస్సున్నది" అంది.